కల్పిత భాషకు గతం కట్టడం ఎలా: ధ్వని మార్పులు వరుసగా

ఇల్లు – ఇళ్ళు. ముల్లు – ముళ్ళు. మరి బిల్లు? బిళ్ళు అని ఎవరూ అనరు, బిల్లులు అంటారు. బడి మొహం చూడని పిల్లవాడు కూడా ఇక్కడ తప్పడు. ఎందుకలా అని అడిగితే పెద్దవాళ్ళూ చెప్పలేరు. కారణం అర్థంలో లేదు, కాలంలో ఉంది. ల్లు, లు కలిసి ళ్ళు అయిన రోజుల్లో ఇల్లు, ముల్లు మన నోళ్ళలో ఉన్నాయి. బిల్లు ఆ తరువాతెప్పుడో ఓడ దిగింది.

కథ కోసమో ఆట కోసమో సరదాకో భాషను కల్పించేవాళ్ళు సాధారణంగా పదాలతో మొదలుపెడతారు. రెండు మూడు వందల పదాలు, బహువచనానికి ఒక ప్రత్యయం, ‘లో’ అనడానికి ఇంకొకటి. అన్నీ ఎక్కడివక్కడ చక్కగా అతుకుతాయి. అలా అతకడమే దాని లోపం. ఇల్లు–బిల్లు లాంటి గరుకు ఒక్కటీ చేతికి తగలకపోతే అది నిన్న పుట్టిన భాషని తెలిసిపోతుంది. చాలామంది అప్పుడు అక్కడక్కడా అపవాదాలు, అంటే నియమానికి లొంగని రూపాలు, చల్లుతారు. అవి అతికించినట్టే ఉంటాయి. సరైన దారి వేరు. ముందు ఒక పాత భాష కట్టండి. దాని మీద ధ్వని మార్పులను ఒకదాని తరువాత ఒకటి గుడ్డిగా నడిపించండి. అపవాదాలు వాటంతట అవే పుట్టుకొస్తాయి.

ఈ పని మొత్తాన్ని తకిమ అనే బుల్లి భాష మీద చేసి చూద్దాం. మీరు మీ పదాలతో పక్కనే చేసుకుంటూ రావచ్చు.

ముందు కావలసినవి

ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. మొదటి నిలువు వరుసలో అర్థం, రెండో దానిలో పాత రూపం, ఆపైన ఒక్కో మార్పుకు ఒక్కో వరుస. మధ్య వరుసలు చెరపకండి. తప్పు ఏ మెట్టు మీద జరిగిందో అవే చెబుతాయి.

పదాలు కంప్యూటర్‌లో పెట్టేటప్పుడు మాత్రం తెలుగు లిపి వాడకండి, రోమన్ అక్షరాల్లో రాసుకోండి. అభిమానం లేక చెప్పే మాట కాదిది. ‘తపి’లో ధ్వనులు నాలుగు: త్, అ, ప్, ఇ. కంప్యూటర్‌కు కనిపించేవి మూడే: త, ప, గుడి. ‘త’లోని అకారానికి విడిగా గుర్తు లేదు. అందుకే ‘అ స్థానంలో ఎ పెట్టు’ అంటే దానికి వెతకడానికి ఏమీ దొరకదు. పైగా పదం మొదట్లో వచ్చే ఇ ఒక అక్షరం, హల్లు మీద వచ్చే ఇ ఇంకో గుర్తు. ఒకే నియమాన్ని రెండుసార్లు రాయాల్సి వస్తుంది. ఇక్కడ చదవడానికి తెలుగులోనే రాస్తున్నాను. మీరు చేతితో చేసేటప్పుడు హల్లునూ అచ్చునూ విడదీసుకుని చూడండి.

పదాలు వంద దాటితే చేత్తో చేయడం విసుగు. ధ్వని మార్పులను నడిపే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. మార్క్ రోజెన్‌ఫెల్డర్ రాసిన ఎస్‌సీఏ స్క్వేర్డ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. లెక్సర్జీ ఇంకాస్త పెద్ద పనులు చేస్తుంది. అయితే మొదటి ఇరవై పదాలూ చేత్తోనే చేయండి. ప్రోగ్రాము మీరు చెప్పింది చేస్తుంది, మీరు అనుకున్నది కాదు. ఆ తేడా చేత్తో చేసినవాళ్ళకే కనిపెట్టడం వస్తుంది.

పాత భాషను బీదగా ఉంచండి

మొదటి భాషలోనే ముప్పై హల్లులూ పదకొండు అచ్చులూ పోశారంటే మార్పులకు చోటుండదు. కొత్త ధ్వనులు మార్పుల వల్ల పుట్టాలి. పాత తకిమకు ఇచ్చినవి ఇవే: పరుషాల్లో ప, త, క, అనునాసికాల్లో మ, న, ఇంకా స, ర, ల, వ. అచ్చులు మూడు: అ, ఇ, ఉ. అక్షరం అంటే ఒక హల్లు, ఒక అచ్చు. అవసరమైతే చివర ఒక న. సరళాలు లేవు, చ లేదు, ఎ లేదు. అవి తరువాత వస్తాయి.

తొమ్మిది పదాలు తీసుకుందాం. తపి అంటే రాయి, తపు అంటే నీడ, మకి నీళ్ళు, మక చేయి, రుతి గాలి, వలి నిప్పు, లంతి అడవి, పిరక దారి, కినస పడవ. బహువచనానికి -న. ‘లో’ అనడానికి -కి.

తపి, తపు అనే జంటను కావాలనే పెట్టాం. చివరి అచ్చు ఒక్కటే తేడాగా ఉన్న జంటలు నాలుగైదు ఉంటేగానీ ఏ మార్పు దేన్ని కలిపేస్తోందో, దేన్ని విడదీస్తోందో బయటపడదు. అలాగే ప్రతి నియమానికీ తగిలే పదాలు కనీసం మూడు, తగిలీ తగలనట్టు తప్పించుకునేవి రెండు ఉండేలా జాబితా వేసుకోండి. ఇక్కడ లంతి అలా తప్పించుకునే పదం.

నియమం రాయడం

ప్రతి నియమానికీ మూడు ముక్కలు: ఏది, ఏమవుతుంది, ఎక్కడ. మన వ్యాకరణంలో ఆదేశం, లోపం, ఆగమం అని చదువుకున్నవే ఇవి. ఒకదాని చోట ఇంకొకటి రావడం, ఉన్నది పోవడం, లేనిది చేరడం. గసడదవాదేశం గుర్తుందా? తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. రెండు అచ్చుల నడుమ పడ్డ పరుషం మెత్తబడింది. ధ్వని మార్పు అంటే అచ్చంగా అదే.

చాలామంది ‘ఎక్కడ’ దగ్గర జారిపోతారు. కన్నడం చూడండి. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పువ్వు హూవు, పది హత్తు. దీన్ని ‘ప అంతా హ అయింది’ అని రాస్తే ఉప్పు దగ్గర దెబ్బతింటారు. వాళ్ళకూ అది ఉప్పే. జంట పకారం కదల్లేదు. కాబట్టి నియమంలో చోటు రాయాలి: పదం మొదట్లో ఉన్న ప మాత్రమే హ అవుతుంది.

ఇంకో మాట. నియమంలో అర్థం రాకూడదు. ‘జంతువుల పేర్లలో మాత్రం క, చ అవుతుంది’ అంటే అది ధ్వని మార్పు కాదు. నాలుకకు ఆవూ తెలీదు, అరుగూ తెలీదు. దానికి తెలిసిందల్లా ముందు ఏ ధ్వని, వెనక ఏ ధ్వని, ఊనిక (పదంలో ఒత్తి పలికే అక్షరం) ఎక్కడ, పదం మొదలా చివరా అన్నవే.

మార్పు ఎంచుకునేటప్పుడు నోటికి అడగండి. పదాన్ని పదిసార్లు గబగబా అనండి. ఏ ధ్వని అలసిపోతుందో తెలుస్తుంది. ఇ ముందు క ఉంటే, ఇ కోసం నాలుక ముందే ముందుకు జరుగుతుంది. క కూడా దానితో జరిగి చ అవుతుంది. మన చెవి కన్నడంలో కివి. మన చెరువు వాళ్ళ కెరె. ఇకారం, ఎకారం ముందు క నిలిచింది వాళ్ళ దగ్గర, జరిగింది మన దగ్గర. దీని తలకిందులు, అంటే చ వెళ్ళి క కావడం, చాలా అరుదు. ప నుంచి హకు పోవాలన్నా మధ్యలో ఫ లాంటి మెట్టు ఉంటుందనుకోండి. ప ఒక్క గంతులో ర అయిందంటే చదివేవాళ్ళు నమ్మరు.

తీరంలో ఉండే తకిమవాళ్ళకు నాలుగు మార్పులు ఇద్దాం:

1. ఇ ముందున్న క, చ అవుతుంది.
2. తరువాతి అక్షరంలో ఇ ఉండి, మధ్యలో ఒకే హల్లు ఉంటే అ, ఎ అవుతుంది.
3. రెండు అచ్చుల నడుమ ప, త, క, చ వరుసగా బ, ద, గ, జ అవుతాయి.
4. పదం చివర ఒకే హల్లు తరువాత ఉన్న ఇ, ఉ లోపిస్తాయి. అయితే ఆ హల్లుకు ముందు ఇంకో అచ్చు ఉండాలి.

రెండో నియమం వింతేమీ కాదు. రాబోయే ఇకారం ముందున్న అకారాన్ని తన వైపు లాక్కుంటుంది. మనలో లాగుడు ఇంకో రకం: పులి అంటాం, బహువచనంలో పులులు అంటాం. వెనకొచ్చే ఉకారం ముందున్న ఇకారాన్ని మార్చేసింది.

వరుసే అసలు పని

ఇప్పుడు ఒక పదాన్ని మెట్టుమెట్టుగా దింపుదాం. మకి, నీళ్ళు. మొదటి నియమంతో మచి. రెండో దానితో మెచి. మూడోది చను రెండు అచ్చుల మధ్య పట్టుకుని మెజి చేస్తుంది. నాలుగోది చివరి ఇని ఊడగొడుతుంది: మెజ్. పాత మకికీ కొత్త మెజ్‌కీ ఉమ్మడిగా మిగిలింది మ ఒక్కటే. అయినా ఒక్క మెట్టూ గంతు కాదు.

మిగతావి: తపి తెబ్ అయింది, తపు తబ్ అయింది. మక మగ, రుతి రుద్, వలి వెల్, పిరక పిరగ, కినస చినస. లంతి లంతిగానే ఉంది. దాని అకారానికీ ఇకారానికీ మధ్య రెండు హల్లులున్నాయి. త కూడా అచ్చుల మధ్య లేదు. చివరి ఇ ముందు ఉన్నది ఒక హల్లు కాదు. మూడు నియమాలూ దాన్ని వదిలేశాయి. భాష పేరు తకిమ కూడా మామూలు పదమే కాబట్టి దానికీ మినహాయింపు లేదు: తచిమ, తెచిమ, తెజిమ. తీరంవాళ్ళు తమ భాషను తెజిమ అంటారు.

ఇప్పుడు నాలుగో నియమాన్ని తీసుకెళ్ళి అన్నిటికన్నా ముందు పెట్టి చూడండి. తపి, తప్ అవుతుంది. తపు కూడా తప్ అవుతుంది. ఇకారం అప్పటికే పోయింది కనుక అ, ఎ కాదు. ప అచ్చుల మధ్య లేదు కనుక బ కాదు. రాయీ నీడా ఒకే పదం. నియమాలు అవే నాలుగు, వరుస ఒక్కటే మారింది, భాష వేరే అయిపోయింది. ఒక మార్పు తరువాతి దానికి మేత వేయగలదు, ఉన్న మేతను లాగేసుకోగలదు. మొదటి వరుసలో క నుంచి చ పుట్టి మూడో నియమానికి మేత అయింది, అందుకే జ వచ్చింది. రెండో వరుసలో చివరి అచ్చు ముందే పోయి మిగతా మూడింటి నోటికాడ కూడు లాగేసింది.

తెలుగులోనూ ఈ వరుస ఆనవాలు కళ్ళముందే ఉంది. తమిళ కోఴి మన కోడి, వాళ్ళ ఏఴు మన ఏడు. ఴ అంటే తమిళంవాళ్ళు నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని. ఴ మన దగ్గర డ అయిందని రాసుకుంటాం. అంతలో పొద్దుకు తమిళ మాట పొఴుదు ఎదురొస్తుంది. మన దగ్గర అది పొడుదు కాలేదు, ప్రొద్దు అయింది. ఎందుకంటే ముందు ధ్వనులు స్థానాలు మారి ఴ వెళ్ళి ప పక్కన చేరింది. హల్లును అంటుకున్న ఴ ర అయింది, అచ్చు తరువాత నిలిచినది డ అయింది. ఆ తరువాత ఆ రేఫ కూడా పోయి ఇప్పుడు పొద్దు అంటున్నాం. కన్నడంవాళ్ళు హొత్తు అంటారు. ఒక్క పదంలో ఇన్ని పొరలు.

వరుస తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. రెండు నియమాలను అటూ ఇటూ మార్చి ఇరవై పదాలు నడపండి. ఫలితం ఒకటే అయితే ఆ రెండిటికీ సంబంధం లేదు, ఏది ముందున్నా ఫరవాలేదు. తేడా వస్తే మీకు నచ్చింది ఉంచుకోండి. నచ్చనిది పారేయకండి, అది పక్క ఊరి యాస అవుతుంది.

రెండో పిల్ల భాష

కొండ మీద తకిమవాళ్ళకు ఆ పారేయనిదే ఇద్దాం. వాళ్ళకు చివరి ఇ, ఉ ముందే పోయాయి. ఆ తరువాత కన్నడంలో లాగా పదం మొదటి ప, హ అయింది. అంతే. ఫలితం: రాయి తప్, నీడ తప్, నీళ్ళు మక్, చేయి మక, గాలి రుత్, నిప్పు వల్, దారి హిరక. పడవ కినస అలాగే ఉంది, కొండ మీద పడవ ఎవరికి కావాలన్నది వేరే సంగతి. అడవి లంతే. భాష పేరు ఇప్పటికీ తకిమే. తెజిమవాళ్ళ మీద వాళ్ళకు ఎంత చులకనో మీరే ఊహించుకోండి.

తీరంలో నాలుగు మార్పులు, కొండ మీద రెండే, అయినా తీరంవాడి మెజ్, కొండవాడి మక్ పక్కపక్కన పెడితే చుట్టాలని ఎవరూ అనరు. జాబితా మొత్తం పెడితే మాత్రం దొరికిపోతారు: తీరంలో బ ఉన్నచోట కొండ మీద ప, గ ఉన్నచోట క. ఆంగ్ల రచయిత టోల్కీన్ కల్పించిన భాషలు క్వెన్యా, సిందారిన్‌ల బంధుత్వం ఇలా కట్టిందే. మనిషిని ఒకదానిలో అతన్ అంటారు, ఇంకోదానిలో అదన్ అంటారు. మన మూడో నియమమే. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ 1816లో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల తోబుట్టువని చూపింది కూడా పదాలను ఇలా వరుసలుగా ఎదురెదురు పెట్టే.

మీ భాషకు ఎన్ని మార్పులు కావాలి? వెయ్యేళ్ళ ఎడం చూపించాలంటే పన్నెండు నుంచి పదిహేను చాలు. నలభై పెడితే పదాలన్నీ అరిగి రెండు ధ్వనుల ముక్కలవుతాయి. చివరి అచ్చులు ఊడగొట్టే నియమం ఒక్కటి రాస్తే, మళ్ళీ అలాంటిది రాయడానికి ముందు మాటల పొడవు లెక్క చూసుకోండి.

ప్రత్యయాలతో సహా నడపాలి

అందరూ చేసే తప్పు ఇక్కడుంది. ఏకవచనాన్ని మార్పుల గుండా నడిపి, వచ్చిన రూపానికి పాత ప్రత్యయం అతికిస్తారు: తెబ్, తెబ్‌న. అలా చేస్తే ఇంతసేపు పడ్డ పాట్లు వృథా. పాత భాషలోనే ప్రత్యయం చేర్చి, మొత్తం పదాన్ని నడపాలి.

తపిన, రాళ్ళు: తెపిన, తెబిన. చివర అ ఉంది కనుక ఏదీ ఊడదు. తపున, నీడలు: తబున. మకన, చేతులు: మగన. ఇప్పుడు తీరం పిల్లవాడి చెవితో వినండి. తెబ్–తెబిన, తబ్–తబున, మగ–మగన. వాడికి పాత తపి, తపు తెలియవు. రాయికి -ఇన, నీడకు -ఉన ఎందుకో వాడికి తెలీదు. ఏ పదానికి ఏది వస్తుందో బట్టీ పట్టాల్సిందే. మన పాత భాషలో ఉన్నది ఒకే ఒక్క ప్రత్యయం.

‘లో’ ఇంకా బాగుంటుంది. మకకి, చేతిలో: మొదటి నియమంతో మకచి, రెండోదానితో మకెచి, తరువాత మగెజి, చివరికి మగెజ్. తపికి తెబిజ్, తపుకి తబుజ్. అడవిలో అంటే లంతిజ్. పాత -కి లో క పోయింది, ఇ పోయింది, జ్ మిగిలింది. దాని ముందు అచ్చు మాత్రం పదాన్ని బట్టి మారుతోంది. ముఖ్యంగా మగ–మగెజ్ చూడండి. పదంలో చివరి అచ్చే మారిపోయింది, మార్చిన ఇకారం ఇప్పుడు కనబడదు. కారణం మాయమై పని మిగలడం పాత భాషల లక్షణం.

ఐరోపాలోనూ ఇలాంటిదే పండితులను ఏడిపించింది. జర్మన్ భాషావేత్త గ్రిమ్ హల్లుల మార్పుల గురించి 1822లో చెప్పిన సూత్రం ప్రకారం సంస్కృత పితృ, భ్రాతృ రెండింటిలోని తకూ జర్మన్‌లో ఒకే గతి పట్టాలి. పట్టలేదు: ఒకటి ఫాటర్, ఇంకోటి బ్రూడర్. 1877లో డెన్మార్క్ భాషావేత్త వెర్నర్ చెప్పాడు, తేడా పాత ఊనికలో ఉందని. సంస్కృతంలో పితృ శబ్దానికి చివర, భ్రాతృ శబ్దానికి మొదట ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం. జర్మన్‌లో ఆ ఊనిక ఎప్పుడో మొదటి అక్షరానికి జరిగిపోయింది, దాని పని మాత్రం హల్లులో మిగిలింది. మీరూ ఇది వాడుకోవచ్చు. పాత భాషలో కదిలే ఊనిక పెట్టండి, దాని మీద ఆధారపడే నియమం ఒకటి రాయండి, తరువాతి నియమంతో ఊనికను మొదటికి జరిపేయండి.

పదాలు ఢీకొన్నప్పుడు

కొండ మీద రాయీ నీడా రెండూ తప్. భయపడి నియమం దిద్దకండి, పదానికి మినహాయింపు ఇవ్వకండి. బహువచనంలో తపిన, తపునగా అవి మళ్ళీ విడిపోతాయి, మాటల్లో చాలావరకు సందర్భమే చెబుతుంది. నిజంగా ఇబ్బంది అయితే మాట్లాడేవాళ్ళు ఒకదానికి తోక తగిలిస్తారు. తెలుగులో ఏడు అంటే 7, ఏఁడు అంటే సంవత్సరం. అరసున్న పలకడం మానేశాక రెండూ ఒకటయ్యాయి. మనం ఏం చేశాం? సంవత్సరాన్ని ఏడాది అన్నాం. కొండవాళ్ళు కూడా నీడను లంతితప్, అంటే అడవినీడ, అనుకోవచ్చు. కొన్నాళ్ళకు ఎండలో గొడుగు నీడ కూడా లంతితపే అవుతుంది.

ఢీకొనే జంటలు జాబితాలో పదో వంతు దాటితే మాత్రం మొదటికి వెళ్ళండి. పాత పదాలు మరీ పొట్టిగా ఉండి ఉంటాయి. రెండక్షరాలవి తగ్గించి మూడక్షరాలవి పెంచండి.

పోలిక పేరుతో జరిగే దిద్దుబాటు

మార్పులు భాషను గందరగోళం చేస్తాయి, జనం దాన్ని సర్దుకుంటారు. ఈ సర్దుబాటు ధ్వని మార్పులా అన్నిటికీ తగలదు, ఎక్కువగా వాడని పదాలకు ముందు తగులుతుంది. రోజూ నోట్లో నానే పదాలు తమ వంకర పోనివ్వవు. తీరంలో చేయి రోజూ వాడే పదం కనుక మగెజ్ నిలుస్తుంది. పిరగ (దారి) నియమం ప్రకారం ‘దారిలో’ అన్నప్పుడు పిరగెజ్ కావాలి. దాన్ని పిల్లలు పిరగజ్ చేయవచ్చు. బహువచనాల్లో -ఉన ఎక్కువ పదాలకు ఉంటే కొత్త పదాలన్నీ దాన్నే తీసుకుంటాయి, బిల్లులు, కార్లు మనకు వచ్చినట్టు.

సర్దుబాట్లు ఐదారు చాలు. అన్నీ సర్దేస్తే మళ్ళీ నిన్న పుట్టిన భాషే.

అరువు పదాలకు తేదీ వేయండి

బయటి నుంచి వచ్చే ప్రతి పదం పక్కనా అది ఏ నియమం తరువాత వచ్చిందో అంకె వేసుకోండి. ఆ తరువాతి నియమాలే దానికి తగులుతాయి. తెలుగులో శ్రీ ఉంది, సిరి ఉంది. యాత్ర ఉంది, జాతర ఉంది. సంధ్య ఉంది, సంజ ఉంది. ఒకే పదం రెండు దారుల్లో వచ్చింది, రెండూ వేర్వేరు అర్థాలకు కుదురుకున్నాయి. యాత్ర కాశీకి, జాతర ఊరి అమ్మవారికి.

తీరంవాళ్ళు నాలుగు మార్పులూ అయిపోయాక కొండవాళ్ళ హిరకను తెచ్చుకున్నారనుకుందాం. అది హిరగ కాదు, మూడో నియమం కాలం చెల్లిపోయింది. ఇప్పుడు తీరంలో పిరగ అంటే బండ్ల బాట, హిరక అంటే కొండ కాలిదారి. పైగా వాళ్ళ భాషలోకి రెండు కొత్తలు వచ్చాయి: హ అనే ధ్వని, అచ్చుల నడుమ క. కన్నడంలో మొదటి ప అంతా హ అయిపోయాక పుస్తక, పూజె వచ్చి పకారాన్ని మళ్ళీ మొదట్లో నిలబెట్టినట్టే. తెలుగులో కిటికీ, కిరీటం, కెమెరా చకారం కాకపోవడానికీ కారణం ఇదే.

రాతకూ ఊరి పేర్లకూ

మీ భాషకు లిపి ఉంటే, రాత ఏ నియమం దగ్గర గడ్డకట్టిందో ముందే తేల్చండి. తీరంలో రెండో నియమం తరువాత శాసనాలు చెక్కడం మొదలైందనుకుంటే రాతి మీద తెపి, మెచి, పిరక అని ఉంటుంది. చదివేవాడు తెబ్, మెజ్, పిరగ అంటాడు. పలుకులో లేని ఱకారాన్నీ అరసున్ననూ పద్యాల్లో మోసుకొచ్చిన మనకు ఇది కొత్త కాదు.

చివరగా సమాసాలు, ఊరి పేర్లు. వీటినీ పాత భాషలోనే కలిపి, ఒకే పదంగా నడపాలి. మకవలి, చేతినిప్పు, అంటే కాగడా: తీరంలో మగవెల్, కొండ మీద మకవల్. తపిలంతి, రాళ్ళడవి: తెబిలంతి. రాయి ఒంటరిగా తెబ్, ఊరి పేరులో మాత్రం దాని పాత ఇకారం చెక్కుచెదరకుండా కూర్చుంది. రుతిపిరక, గాలిదారి, రెండు కొండల నడుమ కనుమ. తీరంవాళ్ళు దాన్ని రుదిబిరగ అంటారు. అందులో తమ పిరగ ఉందని వాళ్ళకు తట్టదు, ప బ అయిపోయింది. కొండవాళ్ళ నోట అది రుతిపిరకగానే ఉంది, ఎందుకంటే వాళ్ళకు మారింది పదం మొదటి ప మాత్రమే. కానీ దారిని వాళ్ళు హిరక అంటున్నారు కదా, కాబట్టి ఆ కనుమ పేరులో ‘పిరక’ అంటే ఏమిటని వాళ్ళ పిల్లలు అడిగితే వాళ్ళూ చెప్పలేరు.